పర్దే కే పీఛే: మన షాదీ క్యాసెట్ల తారీఖ్

మా అమ్మీ బీరువా పై అరలో, పాన్‌దాన్ పక్కన, ఒక వీహెచ్ఎస్ క్యాసెట్ ఉంది. ఈ-180 రకం, మూడు గంటలది. లేబుల్ మీద మా ఆపా పేరు, దూల్హాభాయ్ పేరు, కింద '1993 మే' అని బాల్‌పెన్నుతో రాసి ఉంటుంది. ఇంట్లో వీసీఆర్ పోయి చాలా ఏళ్లయింది. క్యాసెట్‌ని మాత్రం ఎవరూ పారేయలేదు. రంజాన్ ముందు ఇల్లు సర్దినప్పుడల్లా అమ్మీ దాన్ని తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ అక్కడే పెట్టేది. పోయినేడు మాత్రం పెట్టలేదు. నా చేతిలో పెట్టి, "నానీని ఒకసారి చూపించరా బేటా" అంది.

మా నానీకి ఫొటో లేదు. 1996లో ఇంతెఖాల్ అయింది. హజ్‌కి పోలేదు కాబట్టి పాస్‌పోర్టు లేదు. ఓటరు కార్డుకి ఫొటోలు తీసే రోజులకు మంచం పట్టి ఉంది. నికరంగా చెప్పాలంటే, డెబ్బై ఏళ్లు బతికిన ఆ మనిషి మొహం ఈ దునియాలో ఇంకెక్కడైనా ఉందంటే అది ఆ నల్ల డబ్బాలోనే ఉండాలి. అందులోనూ నానీ కెమెరాకి మొహం ఇచ్చిందో లేదో మాకెవరికీ గుర్తులేదు.

క్యాసెట్ పట్టుకుని ఏలూరు వెళ్లాను. పాత టేపుల్ని ఇంకా ఎక్కించి ఇచ్చేవాళ్లు జిల్లాలో బహుత్ కమ్. వన్ టౌన్ గల్లీలో ఒక మేడ మెట్ల కింద, కిటికీ లేని గది. ఒకప్పుడు అది మిక్సింగ్ రూమ్. గోడలకి గుడ్డ కప్పిన థర్మోకోల్, మూల ఒక మూలుగుతున్న ఏసీ, రాక్ నిండా ఎవరెవరివో క్యాసెట్లు. నేనెళ్లింది అరగంట పనికి. మూడు రోజులు ఆ గది చుట్టూనే తిరిగాను. ఈ వ్యాసం ఆ మూడు రోజుల్లో పుట్టింది.

ముందు ఒక చిన్న మాట. ఉర్దూ మీడియంలో చదివినవాళ్లకు తెలుసు, 'తారీఖ్' అంటే తేదీ, చరిత్ర రెండూ. ఆ వీడియోల్లో ఫ్రేము కింద మూలన తెల్లటి అంకెల్లో తారీఖ్ పడేది. కెమెరాలో గడియారం సరిచేయడం మరిచిపోతే తప్పుడు తారీఖే పడేది. ఆ రాక్‌లో ఎన్ని నిఖాలు జరగని రోజున జరిగినట్టు నమోదై ఉన్నాయో!

*

మన ఖాందాన్లకు కాగితం మీద ఉన్న చరిత్ర ఎంత? ఖాజీసాబ్ దఫ్తర్‌లో సియాహా ఉంటుంది. 1880 నాటి ఖాజీల చట్టం నుంచీ సర్కారు నియమించిన ఖాజీలు మన దగ్గర ఉన్నారు. ఆ రిజిస్టర్లు చాలాచోట్ల పదిలంగానే ఉన్నాయి. మా ఆపా నిఖానామా తీసి చూశాను. దూల్హా పేరు, అతని వాలిద్ పేరు. దుల్హన్ పేరు, ఆమె వాలిద్ పేరు. వకీల్, ఇద్దరు గవాహ్‌లు, ఖాజీ దస్తఖత్, మెహర్ ఎంతో. మొత్తం కాగితం మీద ఒకే ఒక్క ఔరత్ పేరు ఉంది. అది దుల్హన్‌ది. దుల్హన్‌ని కన్న మా అమ్మీ పేరు లేదు, ఎత్తుకు పెంచిన నానీ పేరు లేదు. నెల రోజులు జోడాలకి జరీ కుట్టిన ఖాలాల పేర్లు ఎవరు రాస్తారు?

వాళ్లంతా ఉన్నది క్యాసెట్‌లో. కెమెరా ముందుకు రాకూడదని మనం ఎవరి గురించి అయితే గొడవలు పడ్డామో, వాళ్ల ఉనికికి మిగిలిన ఏకైక దస్తావేజు ఆ కెమెరా తీసిందే. ఈ సంగతి ఆ గదిలో కూర్చున్నప్పుడు తలకెక్కింది. అప్పట్నుంచి దిగడం లేదు.

*

జనానాలోకి కెమెరా ఎలా వెళ్లాలి అన్న సవాల్ వీడియోతో పుట్టింది కాదు. మన పక్కనే, హైదరాబాద్‌లో, వందేళ్ల కిందటే దానికి ఒక జవాబు దొరికింది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ దర్బారు ఫొటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్ పేరు వినే ఉంటారు. మీరట్ దగ్గర సర్ధనా ఆయన సొంతూరు. నిజాం ఆయనకు 'రాజా ముసవ్విర్ జంగ్' అని ఖితాబ్ ఇచ్చాడు. ఆ దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో ప్రత్యేకంగా ఒక జనానా స్టూడియో తెరిచాడు. దాన్ని నడిపింది మిసెస్ కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు మహిళ. లోపల పనిచేసేది ఆడవాళ్లే. చుట్టూ ఎత్తైన గోడలు. ఘరానా ఇళ్ల బేగంలు పర్దా బగ్గీల్లో వచ్చి, లోపల నఖాబ్ తీసి, ఫొటో దిగి వెళ్లేవారు.

అంటే ఆ రోజుల్లోనే మనవాళ్లు అడిగింది 'ఫొటో కావాలా వద్దా' అని కాదు, 'తీసేది ఎవరు, చూసేది ఎవరు' అని. ఇది గుర్తుంచుకోవాలి, ఎందుకంటే నూరేళ్ల తర్వాత ఏలూరులో, తాడేపల్లిగూడెంలో వీడియో వచ్చినప్పుడు ఈ సవాల్‌ని మనం సరిగా అడగలేదు. దీన్‌దయాళ్ తీసినవి గాజు పలకలు. వాటిలో రెండు వేలకు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో భద్రంగా ఉన్నాయి. మన ఆపాల క్యాసెట్లకు ముప్పై ఏళ్లకే బూజు పట్టింది.

*

వీడియో మన జిల్లాకు రెండు దారుల్లో వచ్చింది. ఒకటి ఢిల్లీ నుంచి, ఇంకొకటి గల్ఫ్ నుంచి. జపాన్ కంపెనీ జేవీసీ 1976లో వీహెచ్ఎస్ తెచ్చింది. 1982లో ఢిల్లీ ఏషియాడ్ కోసం దూరదర్శన్ రంగుల్లోకి మారింది. విదేశాల నుంచి కలర్ టీవీలు, వీసీఆర్‌లు వెల్లువలా వచ్చింది అప్పటినుంచే. కువైట్, సౌదీ, దుబాయ్ వెళ్లిన మన కుర్రాళ్లు సెలవుకి వచ్చేటప్పుడు భుజాన నేషనల్ పానసోనిక్ పెట్టెతో బస్టాండ్‌లో దిగేవారు. గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లలో హిందువులు, క్రైస్తవులు, ముసల్మాన్‌లు అందరూ ఉన్నారు. కానీ వీడియో అవసరం మన ఇళ్లలో త్వరగా పడటానికి ఒక కారణం ఉంది. అన్నయ్య జెద్దాలో ఉంటాడు, చెల్లెలి నిఖాకి ఛుట్టీ దొరకదు. అప్పుడు క్యాసెట్టే చిట్ఠీ. నిఖా అయిన పదిహేను రోజులకు ఊళ్లోంచి ఎవరో ఒకరు సఫర్‌కి బయల్దేరతారు, వాళ్ల సామానులో కారప్పొడి, ఆవకాయతో పాటు క్యాసెట్ కూడా పోతుంది. అక్కడ గదిలో పన్నెండు మంది కూర్చుని, తమది కాని షాదీని కూడా మళ్లీ మళ్లీ చూసేవారట.

కెమెరాలు మొదట బెజవాడ నుంచి అద్దెకు వచ్చేవి. తొంభైల మొదటికి ఏలూరులో, గూడెంలో సొంతంగా కొన్న దుకాణాలు లేచాయి. పానసోనిక్ ఎం-3000, ఎం-3500, తర్వాత ఎం-9000. ఈ అంకెలు చెబితే ఇవాళ్టికీ ఆ తరం వీడియో భాయ్‌ల మొహాల్లో ఒక వెలుగు వస్తుంది. భుజం మీద పెట్టుకునే ఆ బరువు కెమెరాలో మొత్తం క్యాసెట్టే పట్టేది. పొలాలు తాకట్టు పెట్టి కొన్నవాళ్లున్నారు. దుబాయ్‌లో నాలుగేళ్లు చేసి ఆ డబ్బుతో కొన్నవాళ్లున్నారు. ఫొటో స్టూడియోవాళ్లే వీడియోకి మారారు ఎక్కువగా. వాళ్లలో మనవాళ్లు కాస్త గట్టిగానే ఉన్నారు.

ఇందులో వింత లేదు. కోస్తాలో ఎవరి శుభకార్యమైనా దాని వెనక చేయి మనది ఉండటం రివాజ్. పెళ్లి పందిట్లో నాదస్వరం ఊదింది తరతరాలుగా మన దూదేకుల ఉస్తాదులు. కరవది నుంచి వచ్చిన షేక్ చినమౌలానాకు 1977లో పద్మశ్రీ వచ్చింది. బుర్రకథ షేక్ నాజర్‌కి 1986లో. మద్రాసులో ఎన్టీఆర్ సొంత సంస్థ తీసిన 'జయసింహ'కి కెమెరా పట్టింది ఎం.ఎ. రెహమాన్. ఏలూరులో కలంకారీ తివాచీలు కాదు, ఉన్నితో ముడి వేసి నేసే అసలు ఇరానీ కాలీన్లు నేసింది మనవాళ్లే, వాటిని 1851లో లండన్ మహా ప్రదర్శనకి పంపారు. కాలీన్ మీద ఎవరు కూర్చున్నారో అందరికీ గుర్తుంటుంది. నేసినవాడి పేరు ఎవరికి కావాలి? వీడియోలో కూడా అంతే. మూడు గంటల క్యాసెట్‌లో తీసినవాడు ఎక్కడా కనపడడు. అద్దం ఉన్న బీరువా ముందు నుంచి వెళ్లినప్పుడు మాత్రం ఒక్క క్షణం కనపడతాడు, చెవి పక్కన కెమెరా, వెనక లైటు పట్టుకున్న కుర్రాడు.

ఆ లైట్ కుర్రాళ్ల గురించి ఎవరూ రాయలేదు. వెయ్యి వాట్ల హాలోజన్ దీపం, దాని వెనక ముప్పై గజాల వైరు. పధ్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలు. దీపం వేడికి ముంజేతుల మీద వెంట్రుకలు కాలేవి. దావత్‌లో అందరూ తిన్నాక వాళ్లు తినాలి, అప్పటికి దేగ్ అడుగున మసాలా మాత్రమే మిగిలేది. కొల్లేటి లంకల్లో పనైతే ఇంకో తక్లీఫ్. గుడివాకలంక, కొల్లేటికోట వైపు ఆ రోజుల్లో వానాకాలం దోనె మీద పోవాల్సిందే. కెమెరా పెట్టె ఒళ్లో, జనరేటర్ దోనె మధ్యలో, లైట్లు పాలిథిన్ కవర్లలో. దోనె కాస్త ఒరిగిందంటే ఒక్క దుకాణం మొత్తం మునిగినట్టే.

కొల్లేరు పనికి ఇంకో లెక్క ఉంది. అక్కడ డబ్బు చెరువుతో కదులుతుంది. అడ్వాన్సు ఇస్తారు, మిగతాది 'పట్టుబడి అయ్యాక' అంటారు. బొచ్చె, శీలావతి ధర పలికితే వీడియోకి రెండో కెమెరా కూడా పెట్టమంటారు. పడిపోతే ఆల్బమ్ తీసుకెళ్లడానికే రారు. 1999లో కొల్లేటిలో 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో ఐదో కాంటూరు లోపలి చెరువుల గట్లు పేల్చి కొట్టేశారు. సరస్సు బతకాలి, అందులో నాకు శక్ లేదు. కానీ గట్టు తెగినప్పుడు చేపలవాడి వెనక ఎంతమంది అప్పు తెగిపోయిందో, ఆ లెక్కలో వీడియోవాడి పాతబాకీ కూడా ఉంది. ఏలూరు గదిలో నాకు చూపించిన రాక్‌లో కింది వరస అంతా అలాంటివే. డబ్బు కట్టి తీసుకెళ్లని షాదీలు.

*

ఇప్పుడు అసలు పేచీకి వస్తాను.

తస్వీర్ హరామా హలాలా అన్న బహస్ మన ఇళ్లలో వీడియోతో పాటే ప్రవేశించింది. కొందరు ఖాజీలు కెమెరా ఆపితేనే ఖుత్బా చదువుతామనేవారు. ఇప్పటికీ అనేవాళ్లున్నారు. ఇది మన గల్లీ గొడవ మాత్రమే కాదు. ఈజిప్టు గ్రాండ్ ముఫ్తీగా 1914లో వచ్చిన ముహమ్మద్ బఖీత్ అల్ ముతీఈ, కెమెరా చేసేది నీడని పట్టి ఉంచడమే తప్ప సృష్టి కాదు, కాబట్టి జాయజ్ అని రిసాలా రాశాడు. దేవ్‌బంద్ ఉలమా దీన్ని ఒప్పుకోలేదు. దారుల్ ఉలూమ్ 2013లో కూడా జరూరత్ లేని ఫొటో నాజాయజ్ అంది, 2017లో సోషల్ మీడియాలో ఫొటోలు పెట్టడం గురించి మళ్లీ ఫత్వా ఇచ్చింది. సౌదీలో 1965లో టీవీ మొదలైనప్పుడు దాన్ని ఎదిరించి స్టేషన్ మీదికి వెళ్లిన షెహజాదా ఖాలిద్ బిన్ ముసాయిద్ పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. పదేళ్లకు అతని తమ్ముడు షాహ్ ఫైసల్‌ని చంపాడు. అంత దూరం పోయిన మసలా ఇది. నేను ఆలిమ్‌ని కాను, ఫైసలా చెప్పను. పాస్‌పోర్టు ఫొటో లేకుండా హజ్ కూడా చేయలేని రోజుల్లో ఉన్నామని మాత్రం అందరికీ తెలుసు.

కానీ మన బస్తీల్లో ఈ బహస్ మర్దానాలోనే జరిగింది, మర్దానాలోనే ఆగిపోయింది. తీరా జరిగిందేమిటంటే, బయట నిఖా మజ్లిస్‌లో ఖాజీసాబ్ ముందు కెమెరా ఆపేవాళ్లం. ఆ వెంటనే అదే కెమెరాని, అదే పరాయి మగవాణ్ని, జల్వా కోసం జనానాలోకి పంపేవాళ్లం! దూల్హా, దుల్హన్‌ల మధ్య ఎర్ర దుపట్టా, ఆర్సీలో ఒకరినొకరు చూసుకోవడం, సాలీలు బూట్లు దాచడం, ఇవన్నీ వీడియోలో రాకపోతే సమ్ధీలు ఏమనుకుంటారు? అందుకని 'వీడియో భాయ్ ఘర్ కా ఆద్మీ' అని ఒక మాట కనిపెట్టుకున్నాం. ఆయన లోపలికి రాగానే ముసలివాళ్లు గోడవైపు తిరిగేవారు. పెళ్లికాని పిల్లలు మొదట దాక్కుని, తర్వాత వాళ్లే కెమెరా ముందుకు తోసుకునేవారు. హాలోజన్ వెలుగులో జనానా అంతా తెల్లగా పాలిపోయి, కళ్లు చిట్లించుకుని కనపడుతుంది.

దీన్‌దయాళ్ 1892లో ఇచ్చిన జవాబు, అంటే ఆడవాళ్లని తీసేది ఆడవాళ్లే కావాలి అన్నది, మన జిల్లాలో ఎప్పటికో గానీ అమలు కాలేదు. ఏలూరులో వీడియో భాయ్ ఒకాయన చెప్పాడు, తన బీవీకి ఎం-9000 నేర్పిద్దామనుకున్నాడట. బరువు ఆమెకు అడ్డం కాలేదు. రాత్రి రెండింటికి ఆడమనిషి పనిచేసి ఇంటికి వస్తే మొహల్లాలో ఏమంటారో అని ఆయనే వెనక్కి తగ్గాడు. ఇప్పుడు ఆయన కూతురు చిన్న కెమెరా పట్టుకుని జనానా పని చేస్తోంది. ఆమెకు డేట్లు ఖాళీ లేవు.

ఇక మిక్సింగ్. ఈ రోజుల పిల్లలకు అర్థం కాదేమో. రెండు వీసీఆర్‌లు, మధ్యలో పానసోనిక్ మిక్సర్. ఒకదాంట్లో తీసిన టేపు ఆడుతుంటే, రెండోదాంట్లో కావాల్సిన ముక్క రికార్డు అవుతుంది. తప్పు పడితే అక్కడినుంచి మొత్తం మళ్లీ చేయాలి. మిక్సర్‌లో బటన్ నొక్కితే బొమ్మ గుండె ఆకారంలో విచ్చుకుంటుంది, కెరటంలా పొర్లుతుంది. ఒక తరం షాదీలన్నీ ఆ గుండె ఆకారంలోంచే బయటికొచ్చాయి. దుల్హన్ మొహం మీదికి మక్కా షరీఫ్ ఫొటో ఒకటి తేలి రావాలి, అది మనవాళ్ల ఖాస్ ఫర్మాయిష్. పాట విషయంలో మాత్రం రుఖ్సతీకి ఒకే ఒక్క పాట ఉండేది. 1968లో వచ్చిన 'నీల్‌కమల్' సినిమాలో రఫీ సాబ్ పాడిన బిదాయి పాట. మూసిన గదిలో రాత్రి మూడింటికి దాన్ని వెయ్యోసారి ఎక్కిస్తూ కూడా తనకు గొంతు పట్టేసేదని ఆ భాయ్ అన్నాడు. నాకు నమ్మాలనిపించింది.

గదిలో మిగిలిపోయినవి మాత్రం వేరే కథ. మనకి ఇచ్చేది కాపీ. కాపీకి కాపీ తీస్తే రంగు కారుతుంది, గీతలొస్తాయి. అసలు టేపు, మిక్సింగ్‌లో కోసేసిన భాగం, అంతా దుకాణంలోనే ఉండేది. ఎవరెవరు ఏడుస్తూ పట్టుబడ్డారో, ఏ పిల్ల కొంగు జారిందో, ఏ సమ్ధీలు జహేజ్ దగ్గర మొహాలు మాడ్చుకున్నారో. వీటన్నింటినీ ఒక మగవాడు మూసిన గదిలో చాలాసార్లు వెనక్కి ముందుకి తిప్పి చూస్తాడన్న ఖయాల్ మన పెద్దలకు రాలేదో, వచ్చినా నోరు మెదపలేదో. ఆ పని చేసినవాళ్లలో చాలామంది దాన్ని అమానత్‌లా కాపాడారు. నాకు తెలిసిన ఒకాయన రీళ్లు తనే బయటికి లాగి కాల్చేసేవాడు. అందరూ అలా ఉన్నారని ఖసమ్ వేయలేను. మా బంధువుల ఇంట్లో ఒక నిఖా అసలు టేపు మీద ఊళ్లో ఒక దుకాణంవాళ్లు ఎవరిదో గృహప్రవేశం రికార్డు చేసేశారు. కొత్త క్యాసెట్ ఖర్చు కలిసొస్తుందని. ఆ ఇంటివాళ్లకి మిగిలిన కాపీ కూడా తర్వాత పోయింది. గృహప్రవేశం టేపు ఆఖర్న, సత్యనారాయణ వ్రతం అయిపోయాక, ఒక్క ఐదు నిమిషాలు వాళ్ల వలీమా దావత్ మిగిలి ఉంది. ఆ ఐదు నిమిషాల కోసం వాళ్లు ఆ వ్రతం క్యాసెట్‌ని అడిగి తెచ్చుకున్నారు.

చాలామందికి తెలియని ఖానూన్ ఒకటి చెబుతాను. 1957 కాపీరైట్ చట్టం పదిహేడో సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి గానీ వీడియోకి గానీ మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. స్టూడియో కాదు. మీ నిఖా ముక్కలు కోసి తమ ప్రచారానికి యూట్యూబ్‌లో, ఇన్‌స్టాలో పెట్టుకోవాలంటే మిమ్మల్ని అడగాలి. బుకింగ్ రసీదు వెనక సన్న అక్షరాల్లో 'ప్రచారానికి వాడుకోవచ్చు' అని ఉంటుంది, చదవకుండా దస్తఖత్ పెడతాం. అది ఒప్పందం అయిపోతుంది. ఆ లైను కొట్టేసి సంతకం పెట్టండి, ఎవరూ ఏమీ అనరు.

*

క్యాసెట్ జమానా తర్వాతది త్వరగా చెప్పేస్తాను, అది మీరందరూ చూసిందే. రెండు వేల తర్వాత సోనీ పీడీ-150, పీడీ-170 వచ్చాయి. చిన్న డీవీ టేపు, కంప్యూటర్ మీద ఎడియస్‌లో ఎడిటింగ్. సీడీ వచ్చింది. ఒక వీసీడీలో డెబ్బై నాలుగు నిమిషాలే పడతాయి కాబట్టి ఒక్కో నిఖా మూడు ముక్కలైంది. 2008లో కానన్ 5డి మార్క్ 2 రావడంతో ఫొటో కెమెరాతోనే సినిమాలాంటి బొమ్మ సాధ్యమైంది. బుజం మీది కెమెరా పాతసామాను అయిపోయింది. అప్పు తీరకముందే పరికరం పాతబడటం ఈ ధంధాకి మొదటినుంచీ ఉన్న శాపం. డ్రోన్ మీద 2014లో నిషేధం, 2018 డిసెంబరు నుంచి అనుమతుల విధానం, 2021లో కొత్త నిబంధనలు. ఇప్పుడు షాదీఖానా మీద డ్రోన్ ఎగరని వలీమా లేదు. జనానా పైకప్పు లేని షామియానా అయితే పైనుంచి అదేం చూస్తోందో అడిగేవాళ్లు లేరు. పాటల దగ్గర కూడా కొత్త చిక్కు. షాదీలో పాట వేసుకోవడం తప్పు కాదని చట్టం 52వ సెక్షన్‌లోనే ఉంది, 2023 జులైలో కేంద్రం మళ్లీ గుర్తు చేసింది. కానీ అదే వీడియో యూట్యూబ్‌లో పెడితే రఫీ సాబ్ గొంతు మ్యూట్ అవుతుంది.

మొహర్రంలో మన షాదీలు ఉండవు, ఆషాఢంలో హిందువులవి ఉండవు. అప్పుడు దుకాణం ఎలా నడుస్తుంది? ఎన్నికలొస్తే అభ్యర్థుల సభలు తీయడానికి అధికారులు పిలుస్తారు. పోలీసులు పిలుస్తారు. కస్టడీలో చనిపోయినవారి పోస్టుమార్టం వీడియో తీయాలని జాతీయ మానవ హక్కుల సంఘం 1995లో రాష్ట్రాలకు రాసింది. పొద్దున మార్చురీ, సాయంత్రం సెహ్రా. మధ్యలో గుసుల్ చేసి బట్టలు మార్చుకుని వెళ్తారు. 2020 డిసెంబరులో ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛలొచ్చి పడిపోయారే, వందల మంది ఆస్పత్రి పాలయ్యారే, ఆ వారం పెళ్లి కెమెరాలే ఆస్పత్రి గేటు దగ్గర నిలబడ్డాయి.

*

టేపు అంటే ఏమిటి? పాలియెస్టర్ పట్టీ మీద ఇనుప ఆక్సైడ్ పొడిని జిగురుతో అంటించింది. ఆ జిగురు తేమని పీల్చి చెడుతుంది. కొల్లేటి గాలి తగిలే ఊళ్లలో ఉప్పు డబ్బాలోనే నీళ్లు ఊరతాయి, క్యాసెట్ ఎంత? అంచుల మీద తెల్లటి నూగులా ఫంగస్ పాకుతుంది. వరదలు సరేసరి. తమ్మిలేరు పొంగితే ఏలూరు, బుడమేరు పొంగితే బెజవాడ. 2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచి కొల్లేటికి పోయింది. ఆ నీళ్లలో ఎన్ని బీరువాలు మునిగాయో, వాటి పై అరల దాకా నీళ్లొచ్చాయో లేదో. వీసీఆర్‌ల తయారీ ఆఖరి కంపెనీ ఫునాయ్ 2016 జులైలో ఆపేసింది. యునెస్కో 2019లో 'మాగ్నెటిక్ టేప్ అలర్ట్' అని ఒక కార్యక్రమమే పెట్టి, 2025 నాటికి చాలా టేపులు ఆడించే యంత్రాలే దొరకవని హెచ్చరించింది. ఆ గడువు వచ్చేసింది.

అందుకే ఇది రాస్తున్నది. మీ ఇంట్లో క్యాసెట్ ఉంటే ఏదో ఒక వీసీఆర్‌లో వెంటనే పెట్టి ఆడించకండి. ఫంగస్ ఉంటే హెడ్ మీద అంటుకుని టేపు తెగుతుంది. ముందు మూత తెరిచి అంచులు చూడాలి, తెల్లగా ఉంటే రీలు బయటికి తీసి తుడిపించాలి, ఆ తర్వాత కొత్త డబ్బాలోకి మార్చాలి. పనికి రోజు పడుతుంది. ఆ పని తెలిసినవాళ్లు ముసలివాళ్లైపోతున్నారు. ఎక్కించాక రెండు చోట్ల దాచండి. ఎక్కించింది ఎవరికి చూపించాలి, ఎవరికి వద్దు అన్నది ఇంట్లో ఆడవాళ్లని అడిగి ఫైసలా చేయండి. ఈసారైనా.

మా క్యాసెట్‌కి రెండో రోజు సాయంత్రానికి తుడవడం అయింది. మూడో రోజు పొద్దున పాత వీసీఆర్‌లో పెట్టారు. గది చీకటి చేశారు. నీలం తెర, గీతలు, తర్వాత ఒక్కసారిగా మా పాత ఇంటి వాకిలి. అబ్బా షేర్వాణీలో నిలబడి ఎవరినో తిడుతున్నాడు. మాట లేదు, దాని మీద షెహనాయీ ఎక్కించారు. ఎడిట్ చేసిన భాయ్ మర్యాదగా బయటికి వెళ్లి, తన కూతుర్ని కూర్చోబెట్టాడు, జనానా భాగం వచ్చింది కాబట్టి.

నానీ ఉంది. పదకొండు సెకన్లు. జల్వా దగ్గర, ఆపా వెనక, హాలోజన్ మొహం మీద పడగానే కొంగు ముందుకి లాక్కుంది. మొహం సగమే కనపడింది. చెయ్యి మాత్రం పూర్తిగా కనపడింది, మణికట్టు దగ్గర పగిలిన గాజు తీయకుండా వేసుకున్న చెయ్యి. ఆ చేత్తో కెమెరాని 'హటో' అన్నట్టు తోసి, అదే చేత్తో ఆపా తల మీద నిమిరింది.

పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఇంట్లో టీవీకి పెట్టాను. అమ్మీ నానీ దగ్గర ఆపమంది. చాలాసేపు చూసింది. తర్వాత నానీ చుట్టూ ఉన్నవాళ్ల పేర్లు చెప్పడం మొదలుపెట్టింది, నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను. పెద్ద ఖాలా. కైకలూరు ఫుప్పూ. బావర్చీ బీవీ, ఆ రోజు ఉల్లిపాయలన్నీ తనే కోసింది. పొరుగింటి సుబ్బలక్ష్మమ్మ గారు, బిందె పట్టుకుని. ఆటపాక నుంచి వచ్చిన ఇద్దరు తోడికోడళ్లు. ఇరవై మూడు పేర్లయ్యాయి. తెరకి ఎడమ చివర, నీలం చీరలో, నవ్వుతూ ఒకావిడ మిగిలిపోయింది. అమ్మీ లేచి టీవీ దగ్గరికి వెళ్లి, కళ్లజోడు సర్దుకుని చూసింది.

"తాడేపల్లిగూడెం వాళ్లనుకుంటా," అంది. "ఆపాకి ఫోన్ చెయ్యి, దానికి తెలిసి ఉంటుంది."